గురువారం బల్ల వెంట అమ్రాబాద్ దాకా

ఈ ప్రయాణం ఎందుకు చేశానో తెలియాలంటే, అంతకు ముందు జరిగిన అన్యాయాల జాబితా చూడాలి. ఓపిక లేనివారు దీనిని దాటి ముందుకు పోవచ్చు. అయితే కొందరు అధికారులు ఇటువంటి జాబితాలను దాటి ముందుకు పోవడం వల్లనే, ఈ వయసులో నేను ఇన్ని బస్సులు ఎక్కవలసి వచ్చిందని మనవి.

జూలై మొదటి వారం: వాతావరణానికీ జ్వరాలకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించే బృందం మా ఊరికి వచ్చింది. ఇద్దరు యువకులు, ఒక యువతి. మర్యాదస్తులు. నా ఎనిమిదేళ్ల రిజిస్టర్లను ఫోన్లతో ఫోటోలు తీసుకున్నారు. తీసుకున్నట్టు రసీదు ఇవ్వమంటే నవ్వారు.

జనవరి మూడో వారం: వారి నివేదిక వచ్చింది. మా మండలంలో వానలు తక్కువ, అందువల్ల దోమలు తక్కువ, అందువల్ల జ్వరాల ముప్పు తక్కువ అని తేల్చారు. "స్థానిక నమోదులు కూడా దీనినే బలపరుస్తున్నాయి" అని ఒక వాక్యం చేర్చారు. ఆ స్థానికుడి పేరు రాయలేదు. ఆ స్థానికుడిని నేనే.

ఫిబ్రవరి రెండో గురువారం: మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు యాదమ్మ ప్రతి గురువారం వేసే జ్వరపరీక్షల బల్ల వేయలేదు.

ఫిబ్రవరి మూడో గురువారం: యాదమ్మ లేదు. బల్ల కూడా లేదు. ఇద్దరినీ బదిలీ చేశారు.

మార్చి మొదటి సోమవారం: బల్లను వెనక్కు పంపమని మొదటి అర్జీ ఇచ్చాను. జవాబు లేదు.

మార్చి నాలుగో సోమవారం: రెండో అర్జీ ఇచ్చాను. "నివేదిక చూసుకోండి" అని ఒక గుమాస్తా నోటితో చెప్పాడు. నోటిమాటను నేను జవాబుగా లెక్కించను.

ఏప్రిల్ రెండో శనివారం: మా వీధిలో మగ్గం నేసే ఆండాలు నాలుగు రోజులు జ్వరంతో పడి ఉండి, పరీక్ష కోసం పద్దెనిమిది కిలోమీటర్లు ఆటోలో పోతూ దారిలో స్పృహ తప్పింది. బతికింది. డెంగీ అన్నారు. నివేదిక ప్రకారం అంత ఎండలో ఆమెకు అది రాకూడదు.

నేను మర్రిగూడ మండలంలోని ఒక నేత ఊరివాడిని. ముప్పై ఏళ్లు బడిలో సామాన్యశాస్త్రం చెప్పి ఉద్యోగ విరమణ చేశాను. అప్పటి నుంచి రోజుకు మూడు సంగతులు రాస్తున్నాను: వాన, ఎండ, ఊళ్లో ఎవరికి జ్వరం. బల్ల లేకపోతే మా ఊళ్లో జ్వరం ఏదో తెలిసేసరికి నాలుగు రోజులు దాటుతుంది, ఆండాలుకు దాటినట్టే. కాబట్టి వానలు పడకముందే బల్లను వెనక్కు తేవాలని, మే నెలలో రెండు జతల బట్టలు, ఎనిమిది రిజిస్టర్లు, వాన కొలిచే నా రేకు డబ్బా సంచిలో పెట్టుకుని బయలుదేరాను. బల్ల అమ్రాబాద్‌కు పోయిందని తెలిసింది. అడవీ వానలూ ఎక్కువ కనుక నివేదికలో అది "అధిక ముప్పు" ప్రాంతం.

"బల్ల కోసం గంత దూరమా?" అంది నా భార్య సత్తెమ్మ, మగ్గం మీద నుంచి లేవకుండానే.

"బల్ల కోసం కాదు, జవాబు కోసం" అన్నాను.

"ఆడ దొరుకుతదా జవాబు?"

ఆ ప్రశ్నను అప్పుడు నేను నమోదు చేయలేదు.

మర్రిగూడ: తువ్వాల ఆరిన చోటు

మొదట మా వాన ఎక్కడ పడుతున్నదో చూడాలనుకున్నాను. నివేదికలో మా ఊరి పేరుకు ఎదురుగా ఉన్న వాన లెక్క మా ఊరిది కాదని నాకు తెలుసు. అది మండల కేంద్రంలోని ఒక కార్యాలయం వెనక వాన కొలిచే డబ్బాది. పోయి చూస్తే డబ్బా ఉంది, దాని చుట్టూ కంచె ఉంది, కంచె మీది నుంచి డబ్బా మీదకు ఒక ఎర్రంచు తువ్వాల ఉంది. డబ్బాను చూసుకునే అటెండరు సైదులు నా పాత విద్యార్థి.

"సైదులూ, తువ్వాల ఎవరిది?"

"నాదే సారు. ఈడ గాలికి మంచిగ ఆరుతది."

"మరి వాన పడితే?"

"వాన పడితే తీస్త గద సారు, తువ్వాల తడవదా?"

ఎంత త్వరగా తీస్తాడని అడిగాను. చాయ తాగుతుంటే చాయ అయినంక అన్నాడు. అబద్ధం చెప్పని పిల్లవాడు. బడిలో కూడా అంతే.

"పోయిన జూలైలో మా ఊళ్లో రెండు గంటలు దంచి కొట్టింది. ఇక్కడ చుక్క పడలేదు. మరి మా ఊళ్లో పడినట్టా, పడనట్టా?"

"పడనట్టే సారు. మండలం మొత్తానికి వాన గిదే. ఈడ పడకుంటె యాడ పడ్డా పడనట్టే."

వెక్కిరించడం కాదు, అతనికి చెప్పిన నియమం అది. సైదులు తాగించిన చాయ పది రూపాయలు, నన్ను డబ్బులు ఇవ్వనీయలేదు.

మా ప్రాంతానికి పరిశోధకులు కొత్త కాదు. మా బావుల్లోని ఫ్లోరైడ్‌ను కొలవడానికి నా చిన్నప్పటి నుంచీ వస్తున్నారు. నా మెడ పూర్తిగా వంగదు. డబ్బాలోకి తొంగి చూడాలంటే నడుము నుంచి మొత్తంగా వంగాలి. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఫ్లోరైడ్ మర్యాద గలది. బావిలోనే కూర్చుని ఉంటుంది. ఎప్పుడు పోయి కొలిచినా అక్కడే దొరుకుతుంది, ఆ నీళ్లు తాగినవారి ఎముకల్లో దొరుకుతుంది. జ్వరం అట్లా కాదు. జ్వరం బస్సెక్కుతుంది. ఒక చోట కుట్టిన దోమ, మరొక చోట పట్టిన వేడి, ఇంకొక చోట రాసిన చీటీ. దానిని బావిని కొలిచినట్టు కొలుస్తామంటే కుదరదు.

ఇంకొకటి. వాన లేని ఊళ్లో దోమలకు నీళ్లు ఎక్కడివని నివేదిక భావన. వాన లేని ఊళ్లోనే ఇంటింటికీ నాలుగు డ్రమ్ములు ఉంటాయి. నల్లా రేపు వస్తుందో రాదో తెలియని వాళ్లే నీళ్లు నిల్వ చేస్తారు. ఈ వాదన అంతా దారిపొడుగునా మనసులో సిద్ధం చేసుకున్నాను. తప్పంతా ఎదుటివారిదే అయినప్పుడు ప్రయాణం చాలా హాయిగా ఉంటుంది.

కల్వకుర్తి: నేను ఆ ఊరివాడినైన విధం

కల్వకుర్తిలో దిగేసరికి మధ్యాహ్నం. శ్రీశైలం పోయే వాహనాల హారన్ల మధ్య నిలబడి జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాను. రొట్టె పదిహేను రూపాయలు. మా వైపు రొట్టె కొంచెం మందం. ఇక్కడ పలుచగా చేసి, రెండోది తినక తప్పని పరిస్థితి కల్పిస్తారు. రొట్టెలు కాల్చే ఆవిడ, "సారు, మెడ వట్టిందా? జండుబామ్ ఉన్నది" అంది. యాభై ఏళ్లుగా పట్టిందని చెప్పాను. "అయితే బామ్ సాలది" అని తన పనిలో పడింది.

బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకుని, రేకు డబ్బాను మేడ మీద పెట్టాను. సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి. తెల్లవారి పోయి చూస్తే డబ్బాలో నాలుగు వేళ్ల నీళ్లు. అంత వాన పడలేదు కదా అని వంగి చూస్తే పైన నురుగు తేలుతున్నది. బట్టలు ఉతికే ఆమెను పిలిచి అడిగాను.

"పిండిన నీళ్లు పోసిన సారు. డబ్బా ఖాళీగుండె గద."

"అది వాన కొలిచే డబ్బా అమ్మా."

"నాకేమెరుక? మీద రాయకపోతిరి."

అది నిజమే. నేను రాయలేదు. ఆ రోజు వాన గడిలో "సబ్బు" అని రాసి సంతకం చేశాను. చాలా పెద్ద కార్యాలయాల రిజిస్టర్లలో కూడా ఈ వర్షమే ఉండి ఉంటుందనీ, నురుగు చూసినవాడు లేక అది వానగా నిలిచిపోయి ఉంటుందనీ నా అనుమానం.

ఎండకు తల పగులుతుంటే, లాడ్జి కింద ఉన్న రక్తపరీక్షల దుకాణంలోకి పోయాను. దాని యజమాని నర్సింలు వేలు పొడిచి, చీటీ రాశాడు. పరీక్షలో ఏమీ లేదు; ఎండదెబ్బే. చీటీ మాత్రం చదవదగినది. నా పేరు సరిగానే రాశాడు. ఊరి పేరు దగ్గర కల్వకుర్తి అని ఉంది.

"నాది కల్వకుర్తి కాదు నాయనా."

"మీరు దిగింది పైన లాడ్జిల గద సారు. దిగిన జాగ రాస్త నేను. అంత దూరం పేరు రాస్తే మిషన్ల ఆ ఊరు ఉండది, మళ్ల అడుగుతది."

"అయితే ఊళ్ల నుంచి వచ్చి చుట్టాల ఇంట్లో దిగినవాళ్లు?"

"వాళ్లంత కల్వకుర్తోళ్లే."

"ఈ లెక్కలన్నీ పైకి పంపుతావా?"

అతను దుకాణం బయటకు ఒకసారి చూసి, నా వైపు తిరిగాడు. "డెంగీ అని పంపితె పైనుంచి మనుషులొస్తరు, కాగితాలడుగుతరు. జరమని రాస్తే పేషెంట్లొస్తరు. మీరే చెప్పుండ్రి, ఎవలొస్తె మంచిగుంటది?"

ఇందులో నేను దిద్దగలిగింది ఏమీ లేదు. చీటీని రిజిస్టరుకు అంటించాను. నాకు గనుక జ్వరం తేలి, ఆయన గనుక పైకి పంపి ఉంటే, మర్రిగూడ ఎండలో పుట్టిన నా జ్వరం కల్వకుర్తి వాతావరణం ఖాతాలో పడి ఉండేది.

మన్ననూరు బస్సు: కార్డు మీది ఊరు

అచ్చంపేటలో బస్సు మారాను. పక్క సీటులో ఒక నడివయసు స్త్రీ, ఒళ్లో సిమెంటు మరకలున్న సంచి. పట్నంలో ఇళ్లు కట్టే పనికి పోయి, జ్వరం వచ్చి తిరిగి వచ్చిందట. ఇప్పుడు తగ్గింది, మందులు తెచ్చుకోవడానికి పోయి వస్తున్నది. ఈ జిల్లాలు కొత్త పేర్లు తొడుక్కున్నా, పని కోసం బయటకు పోవడం మాత్రం పాత పాలమూరు అలవాటే. మా ఊరి నుంచి మగవాళ్లు ఒక్కరే పోతారు. ఇక్కడ భార్యాభర్తలు కలిసి పోతారు, ముసలివాళ్లు ఇల్లు కాస్తారు.

"జ్వరం ఎక్కడ పట్టిందమ్మా?"

"పట్నంల. బిల్డింగ్ కింద గుంతల నీళ్లుండె, ఆడనే పండుకుంటిమి. ఒళ్లు కాలుడు బస్సుల మొదలైంది. పరీక్ష అచ్చంపేటల చేసిండ్రు."

"చీటీ మీద ఏ ఊరు రాశారు?"

"మా ఊరు. ఆధార్ కార్డు మీద గదే ఉంది గద." ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు ఎవలు సారు, సర్కారోనివా?"

కాదన్నాను.

"మరి గిన్ని అడుగుతున్నవేంది?"

సర్కారువారు అడగడం లేదు కనుక అని చెప్పాను. దానికి ఆమె నవ్వి, సంచి నుంచి సీతాఫలాలంత నిమ్మకాయలు రెండు తీసి ఒకటి నాకు ఇచ్చింది. మా దగ్గర అంత నిమ్మకాయ ఉండదు. ఆమె చెట్టు బాగా కాసిందని నమోదు చేశాను. ఆ చెట్టుకు పడిన వాన ఏ డబ్బాలో పడిందో తెలియదు.

మన్ననూరు దాటి అడవిలోకి ఎక్కగానే గాలి మారింది. ఎండాకాలంలో కూడా చెట్ల కింద చల్లటి మట్టి వాసన. ఇంత పచ్చదనం ఉన్నచోట జ్వరాలు ఎక్కువ అని నివేదిక అంటే, నమ్మాలనే అనిపిస్తుంది. ఆ క్షణంలో నాకూ అనిపించిందని నిజాయితీగా రాస్తున్నాను.

అమ్రాబాద్: మా నాయిన పేరున్న బల్ల

ఆ రోజు గురువారం. పరీక్షల రోజు కనుక ఆ రోజుకు చేరేట్టే బయలుదేరాను. ఆరోగ్య కేంద్రం వారు ఊరి చివర ఒక రేకుల షెడ్డు కింద పరీక్షలు చేస్తున్నారని చెబితే అక్కడికి పోయాను. దూరం నుంచే బల్లను గుర్తుపట్టాను. అది నేను ఉపకేంద్రానికి ఇచ్చిన బల్ల. ముందు చెక్క మీద మా నాయిన పేరు, జ్ఞాపకార్థం అనే మాట, పసుపు పెయింటు. ఒక కాలు కురచ. మా ఊళ్లో దాని కింద ఇటుక ముక్క ఉండేది. ఇక్కడ అడవి రాయి పెట్టారు. బల్ల ఇక్కడే నయంగా నిలబడింది.

యాదమ్మ లేచి నిలబడింది. ఆమెకు నలభై దాటాయి. ఎన్ని ఊళ్లు మార్చినా అదే నీలం అంచు చీర, అదే చిందరవందర దస్తూరి.

"సారు, మీరేనా? గీ ఎండల ఎట్లొచ్చిండ్రు?"

"బల్ల కోసం వచ్చాను బిడ్డా."

ఆమె బల్ల వైపు చూసింది, వరుస వైపు చూసింది. "జర కూసోండ్రి. గీళ్లది అయిపోనియ్యిండ్రి" అంది.

కూర్చున్నాను. వరుసలో ఎక్కువమంది అడవిలోని పెంటల నుంచి వచ్చిన చెంచువారు. చిన్న చిన్న నివాసాలను అక్కడ పెంటలంటారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన పేరు లింగయ్య. ఆయన నా వయసువాడే కాని మెడ చక్కగా తిరుగుతుంది. తేనె అమ్మడానికి తెచ్చాడు. సీసా మూడు వందలు చెప్పి, నేను బేరం చేయకపోయేసరికి అనుమానపడి, "నువ్వు కొనెటోనివి కాదు" అన్నాడు.

"ఇక్కడ జ్వరాలు బాగా పెరిగాయట కదా?" అని అడిగాను.

"ఎవలన్నరు?"

"లెక్కల్లో ఉంది."

లింగయ్య తేనె సీసా కింద పెట్టాడు. "జరం కొత్తది గాదు సారు. యాదమ్మ కొత్తది. మా తాతప్పటి సంది జరమున్నది. ఎవలు అడగకపాయె. అప్పుడు మాకు జరం లేదని రాసిండ్రు. గీమె పెంట పెంటకు నడిసి అడుగవట్టింది, ఇప్పుడు మాకే మస్తు జరమున్నదంటున్నరు."

ఇది వినగానే నాకు ఒక్కసారిగా ఉత్సాహం వచ్చింది. నా వాదనకు ఇంతకంటే సాక్ష్యం లేదు. బల్ల ఎక్కడ వేస్తే జ్వరం అక్కడ కనబడుతుంది. కనబడింది కనుక బల్ల అక్కడే వేస్తారు. బల్ల తీసిన ఊళ్లో జ్వరం కనబడదు. కనబడదు కనుక తీయడం సరైనదే అంటారు. వచ్చే ఏడు నివేదిక మరింత రుజువవుతుంది. ఇదంతా లింగయ్యకు విడమరచి చెప్పి, అందుకే బల్లను వెనక్కు తీసుకుపోతున్నానన్నాను.

"నువ్వు తీస్కపోతె, మళ్ల మాకు జరం ఉండదన్నట్టేనా?" అన్నాడు ఆయన.

ఈ ప్రశ్నను మాత్రం అప్పుడే రిజిస్టరులో నమోదు చేశాను.

అదే సమయంలో ఒక స్త్రీ బల్ల దగ్గరకు వచ్చి, నలుగురు మగవాళ్ల ముందు, మూడు రోజులుగా జ్వరమని, నడుము పట్టేసిందని, ఇంకా చాలా సంగతులు గట్టిగా చెప్పింది. ఎవరూ తల తిప్పలేదు. మా ఊళ్లో ఏ స్త్రీ అట్లా చెప్పదు. మా వాళ్ల మర్యాద ఎక్కువని అనుకుని, యాదమ్మతో ఆ మాటే అన్నాను.

వరుస అయిపోయింది. యాదమ్మ చేతులు కడుక్కుని వచ్చి, నా ఎనిమిది రిజిస్టర్లలో ఒకటి తెరిచింది. పోయిన ఏడాది ఏప్రిల్, మే పేజీలు. చాలాసేపు చూసింది.

"సారు, ఒక మాటంటె ఏమనుకోరు గద?"

"అను."

"మీ ఊర్ల ఆడోళ్లకు జరం రాదా?"

నేను రిజిస్టరు తీసుకుని చూశాను. మొత్తం మగవాళ్ల పేర్లే. పేజీ తిప్పాను. మగవాళ్లే. ఆ ముందు ఏడాది రిజిస్టరు తీశాను. ఒకరిద్దరు స్త్రీల పేర్లు ఉన్నాయి; వాళ్లు ఆటోలో పోయేంతగా జ్వరం ముదిరినవాళ్లు.

నేను జ్వరాల లెక్క ఎక్కడ రాస్తానో చెప్పాలి. పొద్దున ఏడు గంటలకు చాయ హోటల్ దగ్గర కూర్చుంటాను. వచ్చినవాళ్లు, రానివాళ్ల సంగతి, అన్నీ అక్కడే తెలుస్తాయి. మా ఊళ్లో ఆ హోటలుకు స్త్రీలు రారు. ఎండాకాలంలో ఆ హోటలుకు వచ్చే మగవాళ్లలో మగ్గం నేసేవాళ్లు దాదాపు లేరు. వాళ్లు పట్నం పనులకు పోయారు. మగ్గాల మీద ఉన్నది ఆడవాళ్లే.

యాదమ్మ తన చేతిసంచి నుంచి చినిగిన పుస్తకం తీసింది. మా ఊరి గురువారాల పాత పుస్తకం. అదే ఏప్రిల్, అదే వీధి. ఆండాలు వదిన, ఆండాలు తోడికోడలు, చివరింటి అవ్వ. నాకు తెలిసిన పేర్లే, నాకు తెలియని జ్వరాలు.

"ఆ బృందానికి ఇది చూపలేదా?"

"వాళ్లొచ్చిన నాడు నేను టీకాలకు పోయిన. నేను పైకి పంపే కాగితంల ఊరి పేరుకు జాగా లేదు, దవాఖాన పేరే ఉంటది. మీ రిజిస్టర్ దొరికిందట, దస్తూరి మంచిగున్నదని మెచ్చుకున్నరట. గదే తీస్కపోయిండ్రు."

స్థానిక నమోదులు దీనినే బలపరుస్తున్నాయి. ఆ వాక్యంలో నా పేరు రాయలేదని నాలుగు నెలలుగా కోపంగా ఉన్నాను. ఆ షెడ్డు కింద కూర్చుని, రాయనందుకు మొదటిసారి కృతజ్ఞత కలిగింది.

"గట్ల ముఖం పెట్టకుండ్రి సారు" అంది యాదమ్మ. "మగ్గం గుంటల ఎప్పుడన్న చూసిండ్రా? ఇంటికి పోయినంక చూడుండ్రి." లింగయ్య మా మాటలేవీ విననట్టు ఒక తేనె సీసా నా సంచిలో పెట్టి, రెండు వందల యాభై అన్నాడు. ఇచ్చాను. బల్లను తాకి, వెనుదిరిగాను.

మా ఇల్లు: తీగకు గుచ్చిన చీటీలు

గుంట మగ్గం చూడనివారి కోసం చెబుతాను. నేసేవారు నేల మీద కూర్చుని, కాళ్లు గుంటలో పెట్టి, కింది చెక్కలు తొక్కుతారు. ఎండాకాలంలో దారం ఎండి తెగిపోకుండా గుంటలో నీళ్లు చల్లుతారు, ఒక మూలన కుండలో నీళ్లు పెడతారు. బయట ఎంత ఎండ ఉంటే లోపల అంత నీరు. నేను బయట ఎండ రాసుకుంటున్నంత కాలమూ, నా ఇంట్లోనే మగ్గం కింద ఒక చిన్న వానాకాలం నడుస్తున్నది. టార్చి వేసి కుండలో చూశాను. పిల్ల పురుగులు తోకలాడిస్తున్నాయి. పగలు కుట్టే దోమలు చీకటి గుంటలో పాదాల చుట్టూ ఉన్నాయి.

"ఏం వెతుకుతున్నవ్ అండ్ల?" అంది సత్తెమ్మ.

"నీకు పోయిన ఎండాకాలం జ్వరం వచ్చిందా?"

"వచ్చింది."

"నాకు చెప్పలేదే?"

"అడిగినవా ఎన్నడన్న? ఊరందరిని అడుగుతవ్, ఇంట్ల అడగవు. చాయ హోటల్ కాడికి వచ్చి చెప్పాల్నా నేను?"

ఏ తేదీన వచ్చిందని అడిగాను. ఆమెకు తేదీ తెలియదు. "ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు, గది మగ్గం మీదున్నప్పుడు" అంది. "మూడు రోజులు లేవలె. నేత ఆగిన కాడ చీరకు గీత వడ్డది, గందుకే."

మా వీధిలో చీర నేసి సహకార సంఘంలో అప్పగించగానే తేదీ ముద్ర వేసిన చీటీ ఇస్తారు. సత్తెమ్మ ఆ చీటీలను మగ్గం పైన ఒక ఇనుప తీగకు గుచ్చి పెడుతుంది. ప్రతి ఇంట్లోనూ అదే అలవాటు. తీగ దించి వెతికితే ఆకుపచ్చ చీర చీటీ దొరికింది. ఏప్రిల్ నెలాఖరు. ఎనిమిదేళ్లుగా నా తల మీద వేలాడుతున్న రిజిస్టరును, మెడ పైకెత్తలేక, నేను చదవలేదు.

మరుసటి రోజు నుంచి వారం పాటు వీధి తిరిగాము. అడిగింది సత్తెమ్మ, రాసింది నేను, అరుగు మీద, తలుపుకు ఇవతల కూర్చుని. లోపల నుంచి మాటలు వినబడేవి.

"పంతులుకు ఇప్పుడు యాదికొచ్చినమా?" అని ఆండాలు.

"రాయనియ్యే. ఇన్నొద్దులు చాయకు లెక్క రాసిండు, ఇప్పుడు చీరలకు రాస్తడు" అని సత్తెమ్మ.

నెమలికంఠం చీర, చదరాల చీర, పెళ్లికి తొందరపెట్టిన పసుపు చీర. ఒక్కో చీరకు ఒక్కో జ్వరం, ఒక్కో చీటీ. అవి ఎండాకాలంలోనే గుంపుగా ఉన్నాయి. ఈ కొత్త లెక్కలో కూడా లోపం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను: చీరను పాడుచేసిన జ్వరమే వీళ్లకు గుర్తుంది, నేతకు అడ్డు రాని జ్వరం ఇందులో లేదు. మగ్గం లేని ఇళ్లూ ఇందులో లేవు. వాటి కోసం ఇంకో తీగ వెతకాలి. ఈలోగా కుండలకు గుడ్డలు కట్టించాము.

సంబంధిత కార్యాలయానికి మూడో అర్జీ

వానలు పడే రోజులు వచ్చాయి. కింది విషయాలకు ముప్పై రోజుల లోపు రాతపూర్వక జవాబు కోరుతున్నాను.

ఒకటి. అమ్రాబాద్‌లో ఉన్న బల్లను అక్కడే ఉండనివ్వాలి. నా మొదటి రెండు అర్జీలలో దానిని వెనక్కు పంపమని కోరాను. ఆ కోరికను ఉపసంహరించుకుంటున్నాను. మా ఊరికి ఇంకొక బల్ల, ఇంకొక నర్సు కావాలి. బల్ల నేనే చేయిస్తాను. నాలుగు కాళ్లూ సమంగా ఉంటాయి.

రెండు. మా ఊరి వానగా మీరు రాసుకున్నది ఎక్కడ పడిన వానో, ఆ రోజు ఆ డబ్బా మీద ఏముందో తెలపాలి.

మూడు. నివేదికలో "స్థానిక నమోదులు" అని ఉన్నది నా రిజిస్టరు. అందులో నేను మా ఊరిలో సగం మందిని అడగలేదు. ఆ తప్పు నాది, దానిని నా సంతకంతో ఇక్కడ ఒప్పుకుంటున్నాను. ఆ వాక్యాన్ని కొట్టివేయాలి.

నాలుగు. మా ఊళ్లో జ్వరం లేదని రాయడానికి ముందు మీరు ఎవరెవరిని అడిగారో, వారి పేర్లు రాతపూర్వకంగా పంపాలి. నేను అడగని వారి పేర్లు, వారి చీరల రంగులు, చీటీల తేదీలతో సహా దీనికి జతచేశాను. మొదటి పేరు సత్తెమ్మ, నా భార్య.